అమ్మ చెప్పిందన్నారు

పాలెం,
2025 మే 20

ఒరేయ్ చిట్టియ్యా,

ముందు అక్క ఆశీర్వాదం తీసుకో, తిట్లు తర్వాత పెడతాను. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేక ఎన్నాళ్ళయిందో తెలుసా? ఫోను చేశానంటావు. ఆ ఫోను మీ బావ జేబులో ఉంటుంది, మీ బావ రేవులో ఉంటాడు. ఉత్తరమైతే ఆయనకి చదువు రాదు కనక అది అచ్చంగా నాది. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తావి, కాగితానికి కరువొచ్చిందా నీకు?

ఇక్కడ వేట నిషేధం కదా, బోట్లన్నీ ఇసకలోకి లాగేశారు. మగాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, ఖాళీ దొరికితే పేకాడుకుంటూ మా ప్రాణాలు తోడేస్తున్నారు. మన చెల్లి రాణికి ఆరో నెల వచ్చింది. రెండుసార్లు పోయాక నిలబడిన కడుపు. దానికోసం ప్రతి శుక్రవారం గంగమ్మకి దీపం పెడుతున్నాను. అదేమో మొగుడి వెంట కొత్త ప్రార్థన మందిరానికి పోతోంది. పోనీలే అనుకున్నాను. నువ్వు కృపారాణిని చేసుకుని చర్చికి పోతున్నావు, నేనేమన్నా అన్నానా? రెండు చోట్లా దణ్ణం పెడితే బిడ్డకి మంచిదే.

అసలు సంగతి చెప్తాను. మీ బావకీ రాణి మొగుడు దొరబాబుకీ కలిపి ఒకటే ఫైబర్ బోటు కదా. ఈ ఏడు రంగులు వేసే వంతు దొరబాబుది. నిన్న పోయి చూస్తే, ముక్కు దగ్గర మనం పసుపు రాసి బొట్టు పెట్టే చోటంతా తెల్లరంగు కొట్టి, దానిమీద ఎర్రగా సిలువ వేసి ఉంది! ఇదేంటి మరిదీ అంటే, "సగం బోటు నాదే కదా వదినా, ముందు సగం నేను తీసుకున్నాను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మీ బావకి రాలేదు. ఆయన ఇక్కడ పెద్ద, నలుగురికీ తీర్పు చెప్పేవాడు, తోడల్లుడి చేతిలో నవ్వులపాలయ్యానని లోపల కుతకుతలాడిపోతున్నాడు.

నువ్వు చదువుకున్నవాడివి, ఇద్దరికీ చెప్పగలవాడివి. ఒకసారి వచ్చి పో.

మీ అక్క,
అచ్చాయమ్మ


ధవళేశ్వరం,
2025 మే 29

అక్కకు నమస్కారాలతో చిట్టియ్య రాయునది.

తిట్లు అందాయి. ఇంకా రెండు పడాలి, బాకీ ఉంచు.

నీ ఉత్తరం కృపారాణికి కూడా చదివి వినిపించాను. ముందు సగం నాది అన్నచోట ఇద్దరం పడీపడీ నవ్వాం. దీన్ని ఇంత పెద్ద విషయం చేయనక్కర్లేదక్కా. బోటు ముక్కు వెడల్పుగానే ఉంటుంది, సిలువ పక్కన బొట్టు పెట్టుకుంటే ఎవరి సొమ్మూ పోదు. బావగారితో నేను చెప్పానని చెప్పు. ఆయన పెద్దమనిషి, అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు రావడం కష్టం. వరదల సీజన్ ముందు ఆఫీసులో ఊపిరి ఆడదు. వైర్‌లెస్ సెట్లు, ఫోన్ నంబర్లు, డ్యూటీ చార్టులు, అన్నీ నా నెత్తి మీదే. రాణిని మాత్రం ఏడో నెల వెళ్ళగానే ఇక్కడికి పంపించు. రాజమండ్రిలో మంచి డాక్టరమ్మ ఉంది, కృపారాణికి తెలిసినావిడ. కాన్పు ఇక్కడే చేయిద్దాం.

మీ తమ్ముడు,
చిట్టియ్య


పాలెం,
2025 జూన్ 23

చిట్టియ్యా,

నవ్వుకున్నారన్నావు. నేనూ నవ్వాను, ఇప్పుడు ఏడుస్తున్నాను.

వేట మొదలయ్యే రోజు బోటుకి పూజ చేశారు. నువ్వు చెప్పావని చెప్పి, సిలువ పక్కన బొట్టు పెట్టడానికి మీ బావని అతికష్టం మీద ఒప్పించాను. ఆయన వేలు ముంచి పెట్టబోతే దొరబాబు చెయ్యి పట్టుకున్నాడు. "మా పాస్టరుగారు వద్దన్నారు, రెండిటికీ మొక్కితే పాపమంట" అన్నాడు. ఊరంతా చూస్తుండగా! మీ బావ చెయ్యి విదిలించుకుని బోటెక్కాడు. బొట్టు లేకుండానే బోటు నీళ్ళలోకి దిగింది.

ఆ రోజే నీళ్ళలో తిరిగే ఇంజను ఫ్యానుకి తాడు చుట్టుకుంది. పాపాయి మనవడు బంగార్రాజు దాన్ని తీయబోతే రెండు వేళ్ళు పోయాయి. ఎండుచేపలమ్మే పాపాయి నీకు తెలుసుగా, జాతరలో గంగమ్మ పూనేది ఆవిడకే. రక్తం కారుతున్న చేత్తో మనవణ్ణి రేవులో దించగానే ఆవిడ జుట్టు విరబోసుకుని ఊగిపోయింది. "నా బొట్టు తీసేశార్రా, నా బొట్టు నాకు పెట్టండ్రా" అంది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ అన్నది అంతే, ఇంకొక్క మాట లేదు.

మిగతాదంతా పెద్దలు గుడి ముందు కూర్చుని కలిపారు. దొరబాబు సిలువ చెరిపి, అమ్మ ముందు తప్పు ఒప్పుకుని, బొట్టు పెట్టేదాకా ఆ ఇల్లు వెలి. కుళాయి నీళ్ళు పట్టనివ్వకూడదు. మాట్లాడకూడదు. పడవ మీద పాయ దాటించకూడదు. ఇదంతా అమ్మ చెప్పిందట! తీర్పు పైకి చెప్పింది ఎవరనుకున్నావు, మీ బావే.

నిన్న రాణి బిందె పట్టుకుని కుళాయి దగ్గరికొచ్చింది. ఆడాళ్ళంతా పక్కకి జరిగిపోయారు, ఒకామె కుళాయి కట్టేసింది. అది ఖాళీ బిందెతోనే తిరిగి పోయింది. నీళ్ళకి దొరబాబు ఉప్పుటేరు గట్టు వెంట నడిచి, పక్క ఊరి నుంచి డబ్బాలు మోస్తున్నాడు.

రాణిని పంపించెయ్యాలి. నేను చెబితే, "నువ్వు బావ పెళ్ళానివక్కా" అని మొహం తిప్పుకుంటోంది. నువ్వు రాయి. చిన్నప్పటి నుంచీ నీ మాటే దానికి వేదం. వచ్చెయ్యమని ఒక్క ముక్క రాస్తే నేనే ఎలాగోలా దాటిస్తాను.

అచ్చాయమ్మ


ధవళేశ్వరం,
2025 జులై 2

అక్కా,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. మనం ఏ కాలంలో ఉన్నాం? కడుపుతో ఉన్న ఆడపిల్లకి మంచినీళ్ళు ఆపుతారా?

క్షమించు, ఈ మాట అనక తప్పదు. మతం మనుషుల్ని ఇలాగే తయారుచేస్తుంది. ఒక ముసలావిడ ఊగిపోతే దాన్ని ఆజ్ఞ అంటారు. ఆ ఆజ్ఞ ముందు అక్కలేదు, చెల్లిలేదు. బుల్లియ్య బావ నాకు ఈత నేర్పిన మనిషి. ఆయన స్వతహాగా చెడ్డవాడు కాదని నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను, ఆయన చేత ఈ పని చేయించింది మీ గంగమ్మే. నువ్వు ఇంకా శుక్రవారం దీపాలు పెడుతున్నావా?

రాణికి రాశాను. ధైర్యం చెప్పాను. "నువ్వు మన ఇంట్లో నిలబడిన సాక్షివి, దేవుడే నిన్ను అక్కడ నిలబెట్టాడు, ఆయన నిన్ను విడువడు" అని రాశాను. రావాలనిపిస్తే రమ్మని కూడా చివర రాశాను. ఊరు ఊరంతా ఎదురు తిరిగినప్పుడు మనిషికి కావలసింది ముందు ధైర్యం కదా.

ఎగువన వానలు మొదలయ్యాయి. సెలవు అడుగుతాను.

చిట్టియ్య


పాలెం,
2025 జులై 9

చిట్టియ్యా,

ఒళ్ళు మండి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

ధైర్యం చెప్పమని అడిగానా నిన్ను? వచ్చెయ్యమని రాయమన్నాను. నీ ఉత్తరం రాణి బైబిల్లో పెట్టుకుంది. మా రెండిళ్ళ మధ్య గోడ మీంచి బతిమాలితే, తీసి పైకి చదివింది: "దేవుడే నిన్ను అక్కడ నిలబెట్టాడు." చివర నువ్వు రాసిన రమ్మన్న ముక్క దాని కంటికే ఆనలేదు. ఆదివారం ఆ పాస్టరుగారు నీ ఉత్తరాన్ని మైకులో చదివాడు. "ఇల్లు వదిలిపోతే సాతాను గెలిచినట్టే" అని కేకలు! ఆయన కారులో వచ్చి కారులో పోతాడు. ఆయనకి నీళ్ళు ఎవరు ఆపారు?

మతం చేయించిందన్నావు. నేనూ ఆలోచించాను, నాకేం బుర్ర లేదా? దొరబాబుని బోటు దింపేశాక ఆ చోటులోకి ఎవరెక్కారో తెలుసా? సూరిబాబు, మీ బావ మేనల్లుడు. వెలి వెయ్యాల్సిందే అని గుడి ముందు అందరికన్నా గట్టిగా అరిచింది వాడే. వాడికి అమ్మా లేదు, దేవుడూ లేడు, బోటులో చోటు కావాలి. అయితే ఇదంతా ఆశే, అమ్మ పేరు పైపూతే అనుకున్నాను.

కానీ పాపాయి ఉంది. రాణిని చిన్నప్పుడు నడుం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. మొన్న రాణి కళ్ళు తిరిగి గుమ్మంలో కూలబడితే, ఈవిడ చెంబుతో నీళ్ళు తీసుకుని వీధి సగం దాకా పోయి ఆగిపోయింది. "నేనిస్తే అమ్మ నా మనవడి రెండో చెయ్యి కూడా తీసుకుంటాదే అచ్చాయమ్మా" అని ఏడ్చుకుంటూ వెనక్కొచ్చేసింది. ఆవిడకి ఇందులో వచ్చే లాభం ఏంటి? ఏమీ లేదు. నిజంగానే భయం. సూరిబాబొక్కడే అయితే రాణికి చుక్క నీళ్ళు ఆగేవి కావురా. పాపాయి లాంటి మంచోళ్ళంతా భయపడబట్టే ఆగాయి.

కాబట్టి నువ్వన్నది తప్పనీ అనలేను, ఒప్పనీ అనలేను. నాకు తెలిసింది ఒకటే. కాళ్ళు వాచిపోయాయి దానికి. దొరబాబు కూలికి సామర్లకోట పోయాడు. ఒక్కతే ఉంది. నువ్వొచ్చి జబ్బ పట్టుకుని తీసుకుపో.

అక్క


ధవళేశ్వరం,
2025 జులై 14

అక్కా,

బ్యారేజి గేట్లు ఎత్తేశారు. రాత్రీపగలూ డ్యూటీ, సెలవులు రద్దు. నీటిమట్టం తగ్గగానే ఇరవయ్యో తారీఖుకల్లా వస్తాను.

నువ్వు బావగారిని వెనకేసుకొస్తున్నావేమోనని నాకు అనుమానంగా ఉంది. ఆశ అంటావు, భయం అంటావు. తప్పు ఎవరిదో తేల్చకుండా అందరి మీదా కాస్త కాస్త పంచేస్తున్నావు. ఆయన ఇంట్లో ఉంటున్నావు, నీ ఇబ్బంది నాకు తెలుసు. నా ఉత్తరం మైకులో చదవడం మాత్రం నాకూ నచ్చలేదు.

రాణిని జాగ్రత్తగా చూడు. దేవుడి మీద భారం వేశాను.

చిట్టియ్య


పాలెం,
2025 జులై 25

చిట్టియ్యా,

నువ్వు ఆసుపత్రికొచ్చి రాణిని మీ ఇంటికి తీసుకెళ్ళే ముందే నేను బస్సెక్కేశాను. కావాలనే. ఎదురుపడితే నిన్ను చెంప మీద కొట్టేదాన్ని, అందరి ముందూ నీ పరువు ఎందుకు తియ్యాలని పోయాను. ఆ రోజు ఇక్కడేం జరిగిందో రాణి చెప్పి ఉండదు. నేను చెప్తాను.

పంతొమ్మిదో తారీఖు పొద్దున్నే దాని కేక వినిపించింది. గోడ దూకాను. ఈ వయసులో గోడ దూకాను! చాప తడిసిపోయి ఉంది. మీ బావ ఇంట్లో వదిలేసిన ఫోనుతో అంబులెన్సుకి చేస్తే, వరదకి రోడ్డు మునిగింది, అవతలి ఒడ్డు దాకే వస్తామన్నారు. రేవులో మగాళ్ళంతా ఉన్నారు. మీ బావా ఉన్నాడు. "ఎవరన్నా పడవ తియ్యండయ్యా" అని అరిచాను. ఒక్కడూ పడవ తాడు విప్పలేదు. మీ బావ అన్నమాట చెప్తాను, మర్చిపోలేను: "నాదేం లేదే అచ్చాయమ్మా, అమ్మ మాట." కళ్ళనీళ్ళు పెట్టుకునే అన్నాడు. ఆ కన్నీళ్ళకే నాకు ఇంకా మండింది.

ఆడది కాలు పెడితే వేట చెడుతుందని మా రేవులో వేట పడవలు ముట్టనివ్వరు. నేను ముట్టుకున్నాను. రాణిని భుజం కింద పట్టి మీ బావ నాటుపడవలో పడుకోబెట్టాను. పడవ తోసే గెడ అందుకున్నాను. మన నాన్నతో లంక పాయల్లో తిరిగినప్పుడు పట్టిందే, మళ్ళీ ఇప్పుడే. వరద ఎర్రనీరు ఎలా లాగేస్తోందో! అవతల పడాల్సిన చోట పడలేక చాలా కిందికి కొట్టుకుపోయి, తుమ్మ చెట్లలో తగిలి ఆగాం. అక్కణ్ణుంచి ఆ అంబులెన్సువాళ్ళు స్ట్రెచరు పట్టుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. ఆడపిల్ల. జుట్టు బాగా ఉంది. ఊపిరి లేదు.

ఒక గంట ముందొచ్చి ఉంటే, అంది నర్సు. పాపం, ఆమెకేం తెలుసు.

పాస్టరుగారు వచ్చి "దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు" అన్నాడట. ఊళ్ళోకొస్తే ఆడాళ్ళు "అమ్మ తీసుకుంది" అని గుసగుసలు. ఒక్క పిల్లని ఇద్దరు ఎలా తీసుకున్నార్రా? ఇంతమంది మనుషులం ఉన్నాం, మాలో ఒక్కళ్ళం కూడా తియ్యలేదా?

ఇప్పుడు నేనూ వెలే. దొరబాబు కూడా రాణి దగ్గరికే వచ్చేశాడు కదా, వాళ్ళ ఖాళీ ఇంట్లో ఉంటున్నాను. మీ బావ గుమ్మం దాకా వచ్చి నిలబడి పోతున్నాడు.

అచ్చాయమ్మ


ధవళేశ్వరం,
2025 ఆగస్టు 1

అక్కా,

కొట్టి పోయినా బాగుండేది.

రాణి తింటోంది, పడుకుంటోంది, మాట్లాడటం లేదు. దొరబాబు పక్కన కూర్చుని కీర్తన అందుకోబోతే చెయ్యెత్తి ఆపేసింది. కృపారాణి తల దువ్వుతుంటే ఊరుకుంటుంది. నేను గదిలోకి వెళితే గోడవైపు తిరుగుతుంది.

నిన్నటి సంగతి రాస్తాను. కోపం పట్టలేక మీ వైపు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సైగారు కుర్రవాడే, మర్యాదగా కూర్చోబెట్టాడు. నేను చాలాసేపు మాట్లాడాను. మూఢభక్తి, ఉన్మాదం, మతం పేరిట హింస, అన్నీ చెప్పాను. ఆయన అంతా విని, "నిజమేనండి, కానీ మతం మీద కేసు రాయలేం కదండి. మనిషి పేరు చెప్పండి" అన్నాడు.

నా నోట్లోంచి బావగారి పేరు రాలేదక్కా. నీ పసుపుకుంకాలు గుర్తొచ్చాయి. పాపాయి పేరు చెప్పనా? పాస్టరు పేరు? ఆలోచించి చెబుతానని లేచి వచ్చేశాను. నిన్ను అనుమానించాను, అందరి మీదా పంచుతున్నావన్నాను. నేనైతే ఏ మనిషి మీదా పడకుండా ఒక పెద్ద మాట మీద పడేసి కూర్చున్నాను.

ఎవరి పేరు చెప్పాలో నువ్వే చెప్పు.

చిట్టియ్య


పాలెం,
2025 ఆగస్టు 11

చిట్టియ్యా,

నిన్న ఆదివారం పెద్దలు గుడి ముందు కూర్చున్నారు. నన్ను పిలిచారు. పడవెక్కినందుకూ, వెలి దాటినందుకూ తప్పయిందని చెప్పాలట. మీ బావ బతిమాలినట్టే అన్నాడు, "అమ్మ ముందు ఒక్క మాట అనేయవే, అయిపోద్ది, ఇంటికొచ్చేద్దువు గాని."

"అంటాను," అన్నాను. "మీరూ ఒక మాట అనాలి. అమ్మ చెప్పింది, అమ్మ చెప్పింది అంటున్నారు కదా, ఆ ముక్క తీసేసి చెప్పండి. నేను ఫలానా వాణ్ణి, కడుపుతో ఉన్న రాణికి మంచినీళ్ళు ఇవ్వొద్దంటున్నాను, అది చచ్చిపోతున్నా పాయ దాటించొద్దంటున్నాను అని, ఎవరి పేరుతో వాళ్ళు అనండి. అందరూ అన్నాక ఇక్కడే సాష్టాంగ పడతాను."

ముందు సూరిబాబు లేచాడు. "నేనంటున్నాను. సూరిబాబుని. ఏం చేస్తావు?" అన్నాడు. వాడి మొహం చూస్తే చెప్పుతో కొట్టాలనిపించింది గానీ, మాట మాత్రం తన పేరు మీదే అన్నాడు వెధవ. తర్వాత మీ బావ లేచాడు. "నేను, బుల్లియ్యని," అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు. "నేను, బుల్లియ్యని..." అంత మనిషీ తలగుడ్డ నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయాడు. పాపాయి వెనకనుంచి, "నా ఒంటి మీదకొచ్చిన అమ్మ నీళ్ళ మాట అన్లేదురా, నేను భయపడి ఊరుకున్నాను" అని గుండెలు బాదుకుంది.

నేనూ అన్నాను. నేను, అచ్చాయమ్మని, నా చెల్లి ఖాళీ బిందెతో పోతుంటే గోడ వెనక నిలబడి చూశాను, నాకు ఎవరూ చెప్పలేదు, నేనే చేశాను అన్నాను.

వెలి ఎత్తేశామని ఎవరూ అనలేదు. ఉందనీ అనలేదు. లేచి ఇళ్ళకు పోయారు.

గంగమ్మని తిట్టావు నువ్వు. తిట్టుకో, నాకిప్పుడు కోపం లేదు. ఆవిడ పేరు అడ్డం లేకపోతే వీళ్ళకి ఇంత చెడ్డపని చేసే ధైర్యం వచ్చేది కాదు, అది నిజం. ఆ పేరు తనంతట తాను నడిచొచ్చి కుళాయి కట్టెయ్యలేదు, అదీ నిజం. శుక్రవారం దీపం పెట్టాను. ఆవిడతో మాట్లాడలేదు. ఇద్దరం అలిగి కూర్చున్నాం.

ఎవరి పేరు చెప్పాలన్నావు. మీ బావ పేరు చెప్పు. నా పసుపుకుంకాల సంగతి నేను చూసుకుంటాను. కానీ స్టేషన్‌కి పోయే ముందు పక్క గదిలోకి పోయి, రాణితో నీ మాట నువ్వు చెప్పు. దేవుణ్ణి మధ్యలోకి తేకుండా చెప్పు. నేనెందుకు అడుగుతున్నానో నీకు తెలుసు.

అక్క


ధవళేశ్వరం,
2025 ఆగస్టు 17

అక్కా,

చెప్పాను.

గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. మాట కోసం వెతికితే ప్రతిసారీ దేవుడి పేరే ముందు నోటికొచ్చింది. ఆయన దయ, ఆయన చిత్తం, ఆయన ఓదార్పు. ఒక్కొక్కటీ మింగేసుకున్నాను. నేనెంతకాలంగా నా మాటలు ఆయన చేత మోయిస్తున్నానో నిన్నే తెలిసింది.

చివరికి రాణి పక్కన కింద కూర్చుని అన్నాను: "దేవుడు నిన్ను అక్కడ నిలబెట్టాడని రాశాను. ఆయన నాతో ఏమీ అనలేదమ్మా. అలా రాస్తుంటే నాకు బాగుంది, నేను రాశాను. నువ్వు అక్కడ నీళ్ళు లేక మాడిపోతుంటే, నా చెల్లెలు ఎంత గొప్పదో అని నేను ఇక్కడ పొంగిపోయాను. పడవెక్కి వచ్చెయ్యమని అనాల్సింది నేను. అనలేదు."

గోడవైపు తిరిగి ఉన్నది ఇటు తిరిగింది. ఇన్నాళ్ళకు నన్ను సూటిగా చూసింది. కేకలేస్తుందనుకున్నాను, వెయ్యాలనే కోరుకున్నాను. మామూలుగా, చిన్నప్పుడు బడి నుంచి వస్తూ మాట్లాడినట్టు అంది:

"నువ్వంటే వచ్చేసేదాన్ని అన్నయ్యా."

చిట్టియ్య